డేగకన్ను డాక్టరుగారి మామ

ఆ ఆస్పత్రిలో ఊపిరితిత్తుల డాక్టరుని అందరూ చాటుగా డేగకన్ను అనేవాళ్ళు. ఆయన దాన్ని బిరుదనుకున్నాడు. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరిన రోగి వీపులో సూది గుచ్చి, కాస్త నీరు లాగి, ఆ గొట్టాన్ని కిటికీ వెలుగులో ఇటూ అటూ తిప్పి తీర్పు చెప్పేవాడు. నీరు తేటగా ఉంటే తప్పు గుండెది, బిళ్ళలు మింగి ఇంటికెళ్ళు. మడ్డిగా ఉంటే తప్పు ఊపిరితిత్తులది, మంచం ఎక్కు. దాని మీద అప్పీలు లేదు.

ల్యాబు డాక్టరమ్మ నెత్తీ నోరూ కొట్టుకునేది. "అదే రోజు తీసిన రక్తం కూడా పంపండి సార్. నీళ్ళలో ప్రొటీను, రక్తంలో ఉన్నదాంట్లో సగం దాటిందా లేదా చూడాలి. ఇంకో ఎంజైము కూడా పోల్చాలి. తేట నీళ్ళలోనూ జబ్బు దాక్కుంటుంది."

"నువ్వు పుట్టకముందు నుంచీ నీళ్ళు తీస్తున్నానమ్మా," అనేవాడు. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

అలాంటివాడి దగ్గరికి సొంత మామగారే ఆయాసపడుతూ వచ్చారు. రిటైరైన రైలు డ్రైవరు, మొహం మీదే అనేసే మనిషి. పక్క మంచం మీద ఒక ముసలి దర్జీ. డాక్టరు ఇద్దరికీ నీరు తీశాడు. రెండూ తేటగా, లేత పసుపు రంగులో, కవల పిల్లల్లా ఉన్నాయి. దర్జీకి ఒక్క చూపు చాలింది. "గుండె. బిళ్ళలు రాశాను, ఇంటికెళ్ళండి."

మామగారి గొట్టాన్ని మాత్రం కిటికీ వెలుగులో నాలుగుసార్లు తిప్పి చూశాడు. తప్పయితే? మామయ్యకి ఏమన్నా అయితే భార్యకి మొహం ఎలా చూపించాలి? భయం వేసింది, నిజంగానే భయం వేసింది. ఊరందరికీ చాలిన కన్ను సొంతవాళ్ళకి చాలలేదు. నర్సుని ఏదో పని మీద పంపేసి, తనే రక్తం తీసి, రెండు గొట్టాలూ కోటు జేబులో దాచుకుని ల్యాబుకి నడిచాడు. డాక్టరమ్మ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ప్రొటీను సగం దాటింది. ఎంజైమూ హద్దు దాటింది. గుండె నిర్దోషి. జబ్బు ఊపిరితిత్తుల పొరలోనే ఉంది. మరో పరీక్షలో అది టీబీ అని తేలింది. మందులు వాడితే తగ్గేదే.

డాక్టరు ప్రాణం లేచొచ్చింది. "వేళకి పట్టుకున్నాం మామయ్యగారూ! రక్తంతో పోల్చబట్టి సరిపోయింది గానీ, చూడ్డానికి అచ్చం గుండె నీళ్ళే."

మామగారు ఖాళీగా ఉన్న పక్క మంచం వైపు చూశారు. "ఆ టైలరుగారివీ అలాగే ఉన్నాయి కదా అల్లుడుగారూ. ఆయన రక్తం తీశారా?"

"ఆయనది గుండేనండీ."

"చూసి చెప్పారా, తేల్చి చెప్పారా?"

డాక్టరు మామగారి దుప్పటి సర్దడం మొదలెట్టాడు.

"మీకు పిల్లనిచ్చాను కాబట్టి నేను బతికిపోయాను," అన్నారు మామగారు. "ఆయన ఇవ్వలేదుగా, పాపం."