ఎండలో మరిచిన లారిమార్

దెయనీరా పొద్దున్నే లేచి ముందు కాఫీ పెట్టదు. రాళ్ళ బకెట్టు మీద గోనెపట్టా సరిచేస్తుంది. బరహోనా కొండల్లోని ఆ ఊళ్ళో ఏ ఇల్లాలైనా అంతే. లారిమార్ రాయికి ఎండ గిట్టదు. పొడిగా ఉంటే అలిగిన పెళ్ళికూతురిలా మొహం మాడ్చుకుంటుంది, నీళ్ళు తగిలితే చాలు, నీలంగా నవ్వుతుంది.

ఒకప్పుడు ఆ కొండ నిప్పులు కక్కి చల్లారిందట. చల్లారిన నల్లరాతి బొరియల్లోకి సలసల కాగే నీళ్ళు దూరి సూదులు సూదులుగా గడ్డకట్టాయి. రాగి పిసరు కలిసినచోట నీలం తిరిగాయి. అసలు రాయిని పగలగొడితే ఆ సూదులు కనిపిస్తాయి, చాకు మొనతో గీస్తే గీత పడుతుంది. గాజుముక్క తెచ్చి అంటగట్టేవాళ్ళ పప్పులు దెయనీరా దగ్గర ఉడకవు.

ఎండలో పెడితే ఆ నీలం, రాయిని వదిలి, పక్కన ఏ ఒళ్ళుంటే దాన్ని పట్టుకుంటుంది. ఊళ్ళో సిప్రియానో అనే అతని గాడిదకి ఎడమ చెవి నీలం. చర్చి ఊడ్చే ఆవిడకి ముక్కు నీలం. అందులో వింతేముంది? కట్టుబాటు మాత్రం ఒకటుంది. నీలం పట్టినవాణ్ణి గనిలోకి దిగనివ్వరు. కొండ తన సొత్తే అనుకుని ఉంచేసుకుంటుంది.

ఆ ఆదివారం దెయనీరా, మొగుడి గని ముఠావాళ్ళు నమ్మి దాచమన్న పెద్దరాయిని కడిగి, ఒక్క క్షణమని పెరటి గోడమీద పెట్టింది. పక్కింటావిడ వచ్చింది. మాటలో మాట పడి రాయి మరిచిపోయింది. తిరిగి చూసేసరికి రాయి బియ్యం కడుగులా వెలిసిపోయింది. గోడ పక్క ఉయ్యాలలో గురకపెడుతున్న మొగుడు అనీబాల్‌కి మోచేతులదాకా నీలం.

"ఇప్పుడేం చేద్దాం?" అంది, అతన్ని తట్టి లేపి.

"నోరు మూసుకుందాం. రాయి సంగతి తెలిస్తే నన్ను ముఠాలోంచి గెంటేస్తారు. చేతులకి మేజోళ్ళు తొడుక్కుని దిగుతాను."

"కొండ నిన్ను ఉంచేసుకుంటే?"

"నా గురక నువ్వే భరించలేవు, కొండ భరిస్తుందా?"

ఆమెకి నవ్వు రాలేదు. తెల్లవార్లూ వాన కురిసింది. పొద్దున అతను వెళ్ళిపోయాక పొయ్యి ముందు కాసేపు నిలబడింది. చెబితే కూడు పోతుంది, చెప్పకపోతే మనిషే పోవచ్చు. అరటికాయ మెదిపిన గిన్నె చంకన పెట్టుకుని కొండెక్కింది.

గని నోటి దగ్గర ముఠా పెద్ద ఫెర్మీన్ తాళ్ళు సరిచూస్తున్నాడు. ముఠాలోని విలో, అతని బావమరిది అప్పటికే నిచ్చెన దిగుతున్నారు. తరువాత వంతు అనీబాల్‌ది.

"పెద్దాయనా! మా ఆయన మేజోళ్ళు విప్పించండి!"

"ఒసేయ్, నీ నోట మన్నుపడ!" అన్నాడు అనీబాల్.

ఫెర్మీన్ మేజోడు లాగి చూశాడు. "రాయేదమ్మా?"

"వెలిసిపోయింది. ఎండలో పెట్టింది నేను. ఈయన నిద్రపోతున్నాడు, ఈయన తప్పేం లేదు."

రాయి మాట చెవిన పడగానే విలో పైకొచ్చాడు. వెనకే బావమరిది.

"మా పిల్లల నోటికాడి కూడు ఎండగట్టావు కదమ్మా!" అన్నాడు విలో.

"నా పెళ్ళాం మీద అరవకు! మొన్న నీళ్ళు తోడే పంపు పాడుచేసిందెవరు?" అన్నాడు అనీబాల్.

"పంపు సంగతి నువ్వా చెప్పేది? మీ మామ మా కోళ్ళు మాయం చేసినప్పుడు నోరేమైంది?"

కోళ్ళ దగ్గర్నుంచి తగవు తాతలదాకా పాకింది. ఫెర్మీన్ అరిచినా వినేవాడు లేడు. అప్పుడు కాళ్ళకింద నేల మూలిగింది. నిచ్చెన, దుంగలు, పంపు గొట్టం ఒకదాని వెనక ఒకటి లోపలికి జారిపోయాయి. గని ఉన్నచోట బురద మిగిలింది.

నలుగురూ ఒకరినొకరు తడిమి చూసుకున్నారు. దెయనీరా అక్కడే కూలబడి, దేవుడా, నీకు దణ్ణం, నలుగురినీ నాకు మిగిల్చావు అని వెక్కివెక్కి ఏడ్చింది. అనీబాల్ వచ్చి ఆనుకుని కూర్చున్నాడు.

"వదినా," అన్నాడు విలో, ముక్కు తుడుచుకుంటూ, "గిన్నెలో ఏముంది?"

మూత తీసింది. అందరి చేతులూ ముందుకొచ్చి ఆగిపోయాయి. ఫెర్మీన్ టోపీ తీసి నేలమీద పెట్టి, మొదటి ముద్ద తనే కలిపి, ఆమె నోటికి అందించాడు.

"తినమ్మా," అన్నాడు. "ముందు నువ్వు తిను."