తాడు ఇవతల

ఆ ఉదయం ఆకాశం నిండా మబ్బు కమ్ముకుని ఉంది గాని ఒక్క చినుకూ రాలలేదు. వెలుతురు చాలక గడియారాలు బాగుచేసే ఆయన పొద్దున్నే దీపం వేసుకుని, కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చున్నాడు. చేతిలో ఉన్నది చదరంగం పోటీల్లో బల్ల మీద పెట్టే రెండు ముఖాల గడియారం. పోటీ జరిగినప్పుడల్లా వాటిని సరిచేసి ఇచ్చేది ఆయనే.

మరమేకు కోసం చేయి చాపాడు. మరలన్నీ ఒక చిన్న కప్పులో ఉన్నాయి. అది నిరుడు కూతురు గెలిచి తెచ్చిన మహిళల కప్పు. చేతికి అందుతుంది, మరలకు సరిపోతుంది అనుకుని వాడుకుంటున్నాడు. కొడుకు తెచ్చిన పతకం మాత్రం గోడ మీద, అద్దాల చట్రంలో ఉంది. ఇందులో తప్పేమిటో ఆయనకు ఎన్నడూ తోచలేదు.

"చిన్నదీ, ఇటు రామ్మా."

కూతురు జడ అల్లుకుంటూ వచ్చింది.

"ఇవాళ ఆఖరాట అన్నతోనేగా?"

"అవును నాన్నా. ఇద్దరం సమానంగా ఉన్నాం."

"నీ కప్పు ఎలాగూ నీకు వచ్చేసినట్టే. ఆడవాళ్ళలో నిన్ను దాటేవాళ్ళు లేరు. పెద్ద పోటీకి వెళ్ళే సీటు చూస్తే ఒక్కటే. వాడు మగపిల్లాడు, ఆటనే నమ్ముకున్నాడు. నువ్వు కాస్త చూసీచూడనట్టు ఆడితే..."

కూతురి వేళ్ళు జడలో ఆగిపోయాయి. "అన్నకి తెలుసా?"

"వాడికెందుకు చెప్పడం? నీతోనే అంటున్నాను."

ఆమె జడ చివరిదాకా అల్లి, ముడి వేసి, లోపలికి వెళ్ళింది.

ఆయన చెడ్డవాడు కాడు. పిల్లలిద్దరికీ ఆట వచ్చింది ఆయన వల్లనే. కాకపోతే కొడుకును ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పాడు. కూతురు పక్కన కూర్చుని, చచ్చిన పావులు డబ్బాలో సర్దుతూ నేర్చుకుంది. ఆయన దుకాణంలో ఉన్నప్పుడు అన్నాచెల్లెళ్ళు వెనక గదిలో ఆడుకునేవారు. ఎవరు గెలిచేవారో ఆయన అడగలేదు, వాళ్ళు చెప్పలేదు.

పోటీ హాల్లో బల్లలకూ చూసేవాళ్ళకూ మధ్య తాడు కట్టారు. తాడు ఇవతల భార్య పక్కన నిలబడ్డాడాయన. మందుల షాపు యజమాని వచ్చి ఆయన చేయి పట్టుకుని గట్టిగా ఊపాడు. నిన్న కూతురి చేతిలో ఓడిపోయింది ఇతనే. ఓడినప్పుడు ఆ పిల్లకు వేలికొసలు మాత్రం తాకించి లేచిపోయాడు.

"అమ్మాయికి బాగా నేర్పారండీ! నిన్న తను పదేపదే దగ్గుతుంటే నా ధ్యాస చెదిరింది గాని, లేకపోతేనా..."

"మా అమ్మాయి దగ్గి ఏడాదైంది," అంది భార్య. "మొన్న ఓడినాయనకి పంటినొప్పట. దీనితో ఆట పడిందంటే చాలు, మగాళ్ళకి ఏదో ఒకటి వచ్చిపడుతుంది."

మందుల షాపాయన పెద్దగా నవ్వి పక్కకు తప్పుకున్నాడు. గడియారాలాయన నవ్వలేదు. ఆయన చూపంతా మొదటి బల్ల మీదే ఉంది.

ఆట సగానికి వచ్చింది. కూతురు ఏనుగును పట్టుకుని, ఒక క్షణం ఆగి, తీసుకెళ్ళి నేరుగా అన్న గుర్రం నోటికాడ పెట్టింది. కాపు లేదు, అడ్డు లేదు. గుర్రం దూకితే చాలు, ఆట పెద్దాడిదే.

మాట విన్నది అనుకున్నాడు తండ్రి. గుండె తేలికపడాలి గాని పడలేదు.

పెద్దాడు ఏనుగు వంక చూశాడు. చెల్లెలి మొహం చూశాడు. చేయి గుర్రం దాకా వెళ్ళి చటుక్కున వెనక్కి వచ్చింది. ముట్టుకుంటే ఆ పావునే కదపాలి, అది ఆట నియమం. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని బల్ల నాలుగు మూలలూ వెతికాడు. గడియారం నడుస్తూనే ఉంది. చివరికి రాజును ఒక గడి పక్కకు జరిపి ఊపిరి వదిలాడు.

"అదేమిటి! తేరగా వచ్చిన ఏనుగును వదిలేశాడు!" అన్నారెవరో.

చెల్లెలు తలెత్తింది. నీ వలలో పడతానా అన్నట్టు తల అడ్డంగా ఊపాడు అన్న. ఆమె అతణ్ణి కాసేపు అలాగే చూసింది. తాడు ఇవతలికి, తండ్రి వైపు, ఒక్కసారి చూసింది. తర్వాత ఏనుగును వెనక్కి తీసుకుని, కుర్చీ ముందుకు లాక్కుంది. ఇక ఆ తర్వాత ఎవరి వైపూ చూడలేదు.

గంట తిరగకుండా పెద్దాడు లేచి, చెల్లెలి చేయి నిండుగా పట్టుకుని ఓటమి ఒప్పుకున్నాడు.

హాలు వసారాలో తండ్రి అడిగాడు: "ఏనుగును ఎందుకు వదిలావురా?"

"చెల్లి ఊరికే వదిలిన పావు ముట్టుకున్నప్పుడల్లా నా ఆట కట్టించింది నాన్నా. ఇంట్లో దాని మీద గెలిచి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు. సిగ్గేసి నీకు చెప్పలేదు."

"ఇవాళ నిజంగానే ఇచ్చింది."

"అదెందుకిస్తుంది?" అని, తండ్రి మొహం చూసి ఆగిపోయాడు. "నువ్వు చెప్పావా?"

తండ్రి జవాబు చెప్పేలోగా పోటీ నిర్వాహకుడు వచ్చాడు. తన వెంట వచ్చిన అమ్మాయి పక్కనే ఉన్నా తండ్రితోనే మాట్లాడాడు.

"సీటు మీ ఇంటికే వచ్చిందండీ, సంతోషం. కాకపోతే దూరాభారం, ఆడపిల్ల. పెద్దబ్బాయి రెండో స్థానంలో ఉన్నాడు కదా, అతణ్ణి పంపేద్దాం. అమ్మాయికి మహిళల కప్పు ఉండనే ఉంది. ఏమంటారు?"

పొద్దున తను అన్న మాటలే. మరొకరి నోట విన్నాక వాటి అసలు రంగు తెలిసింది ఆయనకు.

"అడగాల్సింది నన్ను కాదండీ," అన్నాడు మెల్లగా. "గెలిచిన మనిషి ఇక్కడే నిలబడి ఉంది. ఈ పిల్ల ఎంత ఆడగలదో ఎదుట కూర్చున్న వీడికి తెలుసు. ఓడిపోయి దగ్గనీ నొప్పనీ చెప్పేవాళ్ళకీ లోపల తెలుసు. తెలియనిది తాడు ఇవతల ఉన్న మనకే. తీర్పులు మాత్రం మనమే చెబుతున్నాం. పొద్దున నేనూ చెప్పాను. ఆడపిల్లకు ప్రత్యేకంగా చిన్న కప్పు ఇవ్వనక్కర్లేదండీ, ఆమె గెలిచినది ఆమెకిస్తే చాలు."

నిర్వాహకుడు ఇబ్బందిగా కూతురి వైపు తిరిగాడు. "ఏమ్మా, వెళతావా?"

"వెళతానండీ," అంది.

బయట మబ్బు కరిగి వాన మొదలైంది. వసారా మెట్ల మీద తల్లి క్యారేజీ విప్పి గిన్నెలు పరిచింది. ఎప్పుడూ మొదట అందుకునే తండ్రి మొదటి గిన్నెను కూతురి ముందుకు జరిపాడు. ఆమె తీసుకుంది. వాన చూస్తూ నలుగురూ తిన్నారు.