మంచినీళ్ల చెరువు తూము

ఏలూరులో మహిళా సర్పంచులకు నాయకత్వ శిక్షణ అనగానే పాండురంగారావు ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు. ఇన్నాళ్లూ మీటింగులన్నిటికీ వెళ్లింది తనే. సంతకం అడుగుతారేమోనని భార్య రాజ్యాన్ని కూడా వెంటబెట్టుకున్నాడు. గేటు దగ్గర ఆపేశారు.

"సర్పంచులే లోపలికండీ. భర్తగార్లకి బయట కుర్చీలు వేయించాం."

లోపల గాయత్రి అనే ట్రైనరు బోర్డు మీద రాసింది. ధైర్యం. వినే ఓపిక. సొంత నిర్ణయం. "ఊరికోసం ఇవాళే తీసుకోగల నిర్ణయం ఒకటి తీసుకోండి. మధ్యాహ్నం అందరికీ చెబుదురుగాని" అంది.

రాజ్యానికి ఆలోచించే పనే లేకపోయింది. రేపు సాయంత్రానికి కాలువ కట్టేస్తారు. ఈలోగా ఊరి మంచినీళ్ల చెరువు నిండకపోతే వేసవంతా డబ్బా నీళ్లే గతి. కొనలేనివాళ్లకి బోర్లలో ఉప్పునీళ్లు. కాలువ నీళ్లేమో నరసరాజు చేపల చెరువుల్లోకి పోతున్నాయి. వాటిలో తన భర్తకీ వాటా ఉంది.

టీ వేళ, కాలువ తూములు చూసుకునే లస్కరు వీరాస్వామికి ఫోన్ చేసింది.

"వీరాస్వామీ, చేపల చెరువుల తూము దించేసి మంచినీళ్ల చెరువుది ఎత్తు."

"అలాగేనండమ్మగారూ. అయ్యగారితో ఒక్క మాట చెప్పించండి."

"సర్పంచిని నేను చెబుతున్నాను కదయ్యా!"

"అయ్యో, కాదని ఎవరన్నారండీ! తమరే సర్పంచి గారు. అయ్యగారు ఊఁ అంటే చిటికెలో ఎత్తేస్తానండి."

బయట కుర్చీల్లో భర్తలంతా కబుర్లలో ఉన్నారు. "ఏం నేర్పారమ్మా లోపల?" పక్కూరి సర్పంచి భర్త ప్రసాదరావు నవ్వాడు. "చెబితే ఇప్పట్నుంచే భయపడతాం."

రాజ్యం భర్తని పక్కకి పిలిచింది. "ఏవండీ, రేపటిదాకా నీళ్లు ఊరి చెరువుకి వదిలించండి."

"రాజుగారికి మాటిచ్చాను."

"ఓట్లేసినవాళ్లకి నేనివ్వలేదా?"

"నువ్వెప్పుడిచ్చావు? మైకు పట్టుకుంది నేను కదా!"

నిజమే. ఆమె గొంతు తగ్గించుకుంది. చెయ్యి పట్టుకుని బతిమాలింది. కుర్చీల్లోవాళ్లు చూస్తూనే ఉన్నారు. చివరికి అతను ఫోన్ తీశాడు.

"వీరాస్వామీ, ఈ రాత్రికి ఊరి చెరువుకి వదిలి పొద్దున్నే రాజుగారికి తిప్పెయ్యి." ఆమెకేసి చూశాడు. "సంతోషమేనా?"

ఒక్క రాత్రికి సగం చెరువు కూడా నిండదు.

మధ్యాహ్నం గాయత్రి అడిగింది. "రాజ్యం గారూ, మీరేం చేశారు?"

"మా ఆయన్ని బతిమాలానండీ."

హాలంతా గొల్లున నవ్వింది. కాసేపటికి ఒక్కొక్కరే ఆపేశారు. ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు. గాయత్రి ఒక్క క్షణం తడబడి మార్కరు తీసింది.

"చూశారా, ఇదీ నాయకత్వ లక్షణమే!" సొంత నిర్ణయం కింద ఇంకో మాట చేర్చింది. ఒప్పించే నేర్పు. చప్పట్లు మోగాయి.

"పూర్తిగా ఒప్పుకోలేదండీ ఆయన..." అంటున్న రాజ్యం గొంతు చప్పట్లలో కలిసిపోయింది.

పక్కావిడ కళ్లజోడు సవరించుకుంది. "ఒప్పించే... ఆ తర్వాత ఏం రాశారండీ? కనపడట్లేదు."

"నేర్పు" అంది రాజ్యం.