ఎవరిదీ కాదన్న పాట

పట్టపగలు, టూరిస్టులు చూస్తుండగా, డుంబ్రిగుడ రోడ్డు పక్క రిసార్టులో, మేనేజరు వచ్చి డప్పు కొడుతున్న సుక్రు మెడలోంచి దాన్ని లాక్కున్నాడు.

"ఆపండే! అది కంపెనీ పాట. గెస్టులు వీడియో పెడితే కాపీరైటని ఎగిరిపోతంది. ఇంకోటేదైనా పాడండి, లేపోతే రేపట్నించి రాకండి."

చేతులు వెనక్కి పెనవేసుకుని థింసా ఆట వరసలో ఉన్న పన్నెండుమంది ఆడవాళ్ళు అలాగే నిలబడిపోయారు. పోలీసు స్టేషన్లో సంతకం పెట్టి ఇంటికి పోతున్న కనక అక్కడే ఆగింది. వరస చివరనున్న అసిరమ్మ ఆమెను చూసింది.

"మా అత్త నాకు నేర్పిన పాట కంపెనీదంట. అమ్మీసినావేటే కనకా?"

కనక కొంగు తలమీదికి లాక్కుని గూడెం దారి పట్టింది.

కనక ఎవరో చెప్పాలి, వినండి. పదిహేనేళ్ళ కిందట మైనింగుకు ఎదురుతిరిగిన ఈ కొండల్లో ఆమె గొంతు వినని గూడెం లేదు. ఆ గొంతు మీదే కేసు పెట్టారు. విచారణ పేరుతో తొమ్మిదేళ్ళు లోపలుంచి, బెయిలిచ్చి, ఆ బెయిలుకు రెండు మేకులు కొట్టారు. ప్రతి ఆదివారం సంతకం పెట్టాలి. జనం మధ్య పాడకూడదు. పాడితే మళ్ళీ జైలే. ఈలోగా పాత క్యాసెట్లు ఫోన్లలోకెక్కాయి. ఆమెను ఎన్నడూ చూడని కాలేజీ పిల్లలు చొక్కాల మీద ఆమె బొమ్మ వేసుకున్నారు. బొమ్మకు బెయిలు అక్కర్లేదు కదా!

అప్పుడొచ్చాడు విశాఖపట్నం నుంచి మ్యూజిక్ కంపెనీ లక్ష్మీప్రసాద్. "జనంలో పాడొద్దన్నారు గానీ గదిలో పాడొద్దనలేదు కదమ్మా! కనక మళ్ళీ వచ్చిందని ఆల్బం వేద్దాం."

ఆరేళ్ళుగా గొంతులో పుండులా సలుపుతున్న పాట. వెళ్ళింది. స్పాంజి గోడల గది. తలుపేస్తే తన ఊపిరి తనకే వినపడింది. జైలు గది గుర్తొచ్చింది. ఆమె ఒంటరిగా పాడి ఎరగదు. ఒకరు పాట ఎత్తుకుంటే వరసంతా అందుకోవాలి. చివరికి అటొకటి ఇటొకటి ప్లాస్టిక్ కుర్చీలు వేయించుకుని, వాటి చుట్టూ చేతులేసి పది పాటలు పాడింది.

కాగితం నింపుతూ లక్ష్మీప్రసాద్ అడిగాడు. "ఈ పాటలు ఎవరివమ్మా?"

"ఎవులవీ కాదు బాబూ."

కొండమీద ఎవరినడిగినా చెప్పే జవాబే అది. ఎవరివీ కావు గనక అతను హక్కుదారు గడిలో కంపెనీ పేరు రాసుకున్నాడు.

రిసార్టులో డప్పు లాక్కున్న రోజు సాయంత్రం ఊరంతా కాఫీ గింజలు ఆరబెట్టే కళ్ళంలో చేరింది.

"దొరసానిలాగ ఆల్బం తెచ్చింది, మా నోళ్ళకి తాళమేసింది," అంది అసిరమ్మ.

"నా నోటికి లేదా తాళం?" అంది కనక. "అటు కంపెనీ, ఇటు టేసను. నానేటి సేసీది?"

ముసలి గాసి బీడీ ఆర్పాడు. "ఆడగుంటని తిట్టకండి. మా అయ్యా ఇదే తప్పు సేసినాడు. సర్వేవోలొచ్చి ఈ కొండెవులదంటే, ఎవులదీ కాదన్నాడు. ఆళ్ళు పోరంబోకని రాసీసినారు. ఇప్పుడు సూడండి, క్వారీవోడి పాలయింది."

కొండ పోయిన దారినే పాటా పోయిందని ఒక్కొక్కరికీ తెలిసొస్తోంది.

ఆదివారాలు చర్చిలో పిల్లలకు పాఠం చెప్పే జీవిత, గిరిజన గ్రామసభల చట్టం పీసా కింద వేసిన ఊరి కమిటీకి కార్యదర్శి. లేచి నిలబడింది. "తాతా, మన ఆచారం, మన పాట కాపాడుకునే హక్కు గ్రామసభకుంది. చట్టంలోనే ఉంది. ఏ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నామో సభలో పాడి చెప్పి, తీర్మానం రాద్దాం. కానీ కంపెనీకి పాడింది కనక పిన్ని. ముందు తనే పాడాలి."

"పాడితే జైలు గదే!" అన్నాడు సుక్రు. "పాట మాదనాలంటే పాడాల, పాడితే లోపలెయ్యాల. ఇదేటి సట్టం? కోర్టుకే పోదాం."

"పో. మడిసి బయటికి రావడానికే తొమ్మిదేళ్ళయింది," అంది అసిరమ్మ.

జీవిత గొంతు తగ్గించింది. "పిన్నీ, నీ పేరు లేకుండా రాసేద్దామా?"

కనక తల అడ్డంగా ఊపింది. "ఆరేళ్ళనించి బయటున్నాను. ఏటి బయట? కుర్చీలు పట్టుకుని పాడినాను. సంత రోజున పెట్టు సభ. నాలుగూళ్ళోళ్ళూ ఈ దారమ్మటే దిగుతారు."

సంత రోజున జనం కంటే ముందు పోలీసు జీపు వచ్చింది. వెనకే లక్ష్మీప్రసాద్. "అమ్మా, వచ్చే నెల హైదరాబాదులో పెద్ద స్టేజీ. నువ్వు కూర్చుంటే చాలు, పాట మేం వేస్తాం."

ఎస్సై అంత తియ్యగా చెప్పలేదు. "నోరు తెరిచావంటే సాయంత్రానికి లోపలుంటావు."

కనక ముక్కుకు జైలు ఫినాయిలు వాసన తగిలింది. అసిరమ్మ ఆమె నడుం చుట్టూ చెయ్యేసి వరసలోకి లాక్కుంది. "రాయే. బేగి ఎత్తుకో."

"కొండ తవ్వే దొరగారో..."

"మా అయ్య గోరీ తవ్వుతావా!" వరసంతా అందుకుంది.

పాట ముగించి కనక చెప్పింది. "మా యమ్మ దగ్గిర నేర్సినాను. మా యమ్మకి ఆళ్ళమ్మ."

జీవిత పుస్తకం తెరిచింది. "ఎవరిదని రాయను?"

"మాదని రాయి!" గాసి అరిచాడు. "ఆ కిందన కొండ కూడా మాదని రాయి."

కానిస్టేబుళ్ళు లాఠీలు దూర్చి వరస విడదీశారు. కనకను జీపులో పడేసి ధడాలున తలుపేశారు. మళ్ళీ అదే ఇనుము, అదే ఇరుకు. బయట ఖాళీ పూడ్చుకుని వరస మళ్ళీ పెనవేసుకుంది. అసిరమ్మ రెండో పాట ఎత్తుకుంది.

"సార్, దారి లేదు," అన్నాడు డ్రైవరు.

సంతకొచ్చిన నాలుగూళ్ళ జనం రోడ్డుకడ్డంగా చేతులు పెనవేసుకుని నిలబడ్డారు.

"హారన్ కొట్టు," అన్నాడు ఎస్సై.

డ్రైవరు కొట్టాడు. వరస ఒక అడుగు ముందుకేసింది.