గీతల వెనక ముఖం

పాత కంప్యూటర్లు బాగుచేయడంలో ఈ ఊళ్ళో నన్ను మించినవాడు లేడు. ఈ మాట నేనే చెప్పుకోవాలి, ఎందుకంటే పక్క దుకాణం టీవీ మెకానిక్‌కి ఒకర్ని మెచ్చుకోవడానికి నోరు రాదు. ముప్పై ఏళ్ళుగా ఇద్దరం ఒకర్ని చూసి ఒకరం ఏడుస్తూనే బతుకుతున్నాం.

మా అక్క ఇంట్లో ఒక పాత కంప్యూటర్ ఉంది. అది మా మేనకోడలిది. ఆ పిల్ల పద్దెనిమిదో ఏట చుక్క చుక్కా పేర్చి, మూడు నెలలు కూర్చుని దాని మీద తన బొమ్మే వేసుకుంది. ఆకుపచ్చ స్వెట్టరు, నవ్వు ముఖం. ఏడాది తిరక్కుండా జ్వరమొచ్చి పోయింది. అప్పట్నుంచీ అక్క రోజూ పొద్దున్నే ఆ బొమ్మ దాచిన ఒకే ఒక్క ఫ్లాపీ పెట్టి, బొమ్మ తెరిచి, "ఇవాళ చలిగా ఉందే" అంటూ దాంతో మాట్లాడుతుంది. ఫోటోలేవీ లేవు, ఆవిడకి మిగిలింది ఆ బొమ్మ ఒక్కటే.

ఆ కంప్యూటర్ ఓ పాత బొజ్జ కలర్ టీవీకి తగిలించి ఉండేది. అంచులన్నీ అలుక్కుపోయి, ఒక్క అక్షరం సరిగ్గా కనబడదు. చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఇంత పనివాడి అక్క ఇంట్లో ఆ దరిద్రమేమిటి!

"అక్కా, కొత్త డిస్‌ప్లే కార్డు వేసి మంచి మానిటర్ పెడతా. పిల్ల కనురెప్పలు కూడా లెక్కపెట్టుకోవచ్చు."

"వద్దురా. నాకు బాగానే కనిపిస్తోంది."

"నీకేం తెలుసు, నువ్వూరుకో."

ఊరుకుంది. టీవీని పాతసామాన్లవాడి బండెక్కించి, కార్డు మార్చి, మానిటర్ తగిలించి, బొమ్మ తెరిచాను. ముఖం లేదు. ముఖం ఉండాల్సిన చోట నల్లగీతలు, తెల్లగీతలు. స్వెట్టరూ గీతలే. ఎక్కడా ఒక్క రంగు లేదు.

"ఇదేంట్రా? పిల్లేది?"

నాకు అర్థం కాలేదు. ఆ మాటే అంటే నా సొమ్మేం పోయేది? కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఫ్లాపీ చెడిపోయిందక్కా. ఇవాళ కాదు, ఎప్పుడో. ఆ గుడ్డి టీవీలో అంతా అలుక్కుపోయి ఉంటే, నీ మనసులో ఉన్న ముఖాన్ని అక్కడ చూసుకుంటున్నావు."

"రోజూ చూశాను కదరా! నవ్వుతూ ఉండేది."

"అదే చెప్తున్నా. అది నీ భ్రమ."

చిన్నప్పట్నుంచీ నేనేం చెప్పినా నమ్మే మనిషి. ఇదీ నమ్మింది.

సోమవారం మాటల్లో మాటగా టీవీ మెకానిక్‌కి ఈ సంగతి చెప్పాను, తప్పంతా ఫ్లాపీ మీదకు నెట్టి. వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఓరి మహానుభావా! ఆ రకం బొమ్మల్లో కంప్యూటర్ పంపేది నలుపూ తెలుపూ రెండే. చుక్కలు మరీ దగ్గరగా ఉంటే పాత టీవీ వాటిని విడదీయలేక కలిపేసి రంగులుగా చూపిస్తుంది. ఆ పిల్లకి అది తెలిసే వేసింది. నీ కొత్త మానిటర్ దేన్నీ కలపదు, అందుకే గీతలు. బొమ్మకేం కాలేదు. పాత కార్డుందా?"

"ఉంది."

"టీవీ నేనిస్తా. అరగంట పని. ఇప్పుడే పో."

అయినా వెళ్ళలేదు. వెళ్తే అక్క ముందు నేనన్నది అబద్ధమని ఒప్పుకోవాలి. దానికితోడు వాడి టీవీ మోసుకుంటూ, వాడు చెప్పగా తెలుసుకున్నవాడిలా బజారంతా నడవాలి. మంగళవారం పని ఉందనుకున్నాను. బుధవారం తలనొప్పి అనుకున్నాను. గురువారం ఏమీ అనుకోకుండానే గడిపేశాను. శుక్రవారం సిగ్గు చంపుకుని, టీవీ భుజానికెత్తుకుని వెళ్ళాను.

అక్క బల్ల తుడుస్తోంది.

"ఫ్లాపీ ఏదక్కా?"

"నిన్న కత్తెరతో ముక్కలు చేసి పారేశా. దాన్ని ఇంట్లో ఉంచుకోలేకపోయా. నువ్వు చెప్పాక ఆలోచించానురా. నవ్వూ నేను కల్పించుకున్నదే, స్వెట్టరూ నేను కల్పించుకున్నదే. ఇప్పుడు పిల్లని గుర్తు తెచ్చుకుందామంటే ఏది నిజంగా దాని ముఖమో తెలియట్లేదు. కళ్ళు మూసుకుంటే ఆ గీతలే వస్తున్నాయి."

నువ్వు చూసింది నిజమే అక్కా, అది నవ్వుతూనే ఉండేది. ఇంతే, ఇంత చిన్న మాట. నాలుక చివరి దాకా వచ్చింది. ఫ్లాపీ ముక్కలయ్యాక ఆ మాట చెప్తే నన్ను ఈ జన్మలో గడప తొక్కనివ్వదు. మింగేశాను.

"ఆ టీవీ ఎందుకురా?"

"ఎవరిదో. రిపేరుకి తీసుకెళ్తూ ఇలా వచ్చా."

"దించి కూర్చో. ముఖం పీక్కుపోయింది, అన్నం తినేసి పో." వడ్డిస్తూ నా తల నిమిరింది. "ఇంటికొచ్చినవాళ్ళంతా అవును నవ్వుతోందంటూ నన్ను పిచ్చిదాన్ని చేసి ఆడించారు. నిజం చెప్పింది నువ్వొక్కడివే."

తల వంచుకుని తిన్నాను. మారు వడ్డిస్తే అదీ తిన్నాను.