శుక్రవారం సభ

శుక్రవారం నాలుగయిందంటే మదనపల్లెలోని ఆ పాత కాలేజీ హాల్లో అమ్మాయిలు బెంచీలు తుడవాలి, అందరూ కూర్చున్నాక ఫ్యాన్లు ఆపాలి. ఫ్యాన్ల చప్పుడుకు పాతవాళ్ళ మాటలు సరిగా వినపడవు మరి. దొరల కాలంలో ఇక్కడ చదివిన కుర్రాళ్ళు పెట్టుకున్న వాదసభ అది. మనుషులు ఎప్పుడో పోయారు, వాదన మాత్రం తెగలేదు. ఖాళీ వేదిక మీద గంట తనంతట తానే మోగుతుంది, గొంతులు మొదలవుతాయి. విషయం ఎప్పుడూ ఒకటే, ఆడపిల్లలకు చదువు చెప్పించవచ్చునా, కూడదా.

వాళ్ళ సభ అయ్యాకే ఇప్పటి పిల్లల వంతు. కుప్పంలో జరిగే వక్తృత్వ పోటీకి ఒకరిని ఎంచడానికి ఉమాశంకర్ సార్ ఏటా ఆ హాల్లోనే కూర్చుంటాడు. పాతవాళ్ళు ముగించేసరికి ఒక్కరికే టైముంటుంది. సార్ పిలవగానే ముద్దుకృష్ణ అనే కుర్రాడు లేచి మాట్లాడతాడు. ఈలోగా పుంగనూరు బస్సు వేళవుతుంది, తన వంతు రాకుండానే వెన్నెల సంచీ తగిలించుకుని పరుగెత్తుతుంది. రెండేళ్ళూ ఇదే వరస. ఇది ఆమెకు ఆఖరి ఏడు.

"ఈసారన్నా నన్ను ముందు పిలవండి సార్," అని ఎంపిక రోజు పొద్దున్నే అడిగింది.

"సూస్తాంలేమ్మా. పెద్దోళ్ళ సభ, మధ్యలో ఆపలేం కదా," అన్నాడాయన.

ఆ 'సూస్తాం' వింటేనే వెన్నెలకు ఒళ్ళు మండుతుంది.

నాలుగయింది, గొంతులు మొదలయ్యాయి. కూడదనేవాళ్ళ మీద ఆమెకు అంత కోపం లేదు, వాళ్ళు ఎప్పుడూ అంతే. చెప్పించవచ్చుననే గొంతే అరికాలి మంట నెత్తికెక్కిస్తుంది.

"చదివిన స్త్రీ పెనిమిటికి ఇంపుగా ఉత్తరము వ్రాయగలదు గదా!" అంటుందది. అంతకు మించి ఒక్క ముక్క చెప్పదు.

ముద్దుకృష్ణ అప్పుడే జుట్టు సర్దుకుంటున్నాడు. అధ్యక్షుడి గొంతు ఎప్పటిలాగే అడిగింది. "సభలో మరెవరైనా పలుకదలచినారా?"

అది మర్యాదకు అడిగే మాటని అందరూ అనుకునేవాళ్ళు. ఎవరూ పలకరు, సభ వచ్చే శుక్రవారానికి వాయిదా పడుతుంది.

వెన్నెల లేచింది. "నేనుండాను."

"ఏయ్, కూచోమ్మా!" అన్నాడు సార్.

గంట మోగింది. "పలుకవచ్చును," అన్నాడు అధ్యక్షుడు.

"ఇన్నాళ్ళూ మా గురించే మాట్లాడతాండారు. ఈడ కూర్చోనుండేది మేమే. ఒక్కసారన్నా మమ్మల్ని అడిగినారా? ఉత్తరాలు రాసేదానికి చదవలేదప్పా నేను. నాకు తోచింది నా నోటితో చెప్పేదానికి చదివినా. మీరు ఆపితే కదా నేను మొదలుపెట్టేది!"

కడుపులో ఉన్నదంతా కక్కేసి కూర్చుంది.

"ఈ మాటకు సమ్మతించువారు చేతులెత్తవలెను," అన్నాడు అధ్యక్షుడు. ముందు అమ్మాయిల చేతులు లేచాయి, తర్వాత అబ్బాయిలవి. "తీర్మానము నెగ్గినది."

ఉమాశంకర్ సార్ గడియారం చూసుకుని లేచాడు. "టైమైపోయింది. అలవాటైనోడు గదా, ఈసారికీ ముద్దుకృష్ణనే..."

గంట గట్టిగా మోగింది.

"సభవారు వినవలసిన వక్తను వినినారు. కూర్చొనుడు."

సార్ కూర్చున్నాడు. కుప్పానికి వెన్నెల పేరే పంపాడు.

పై శుక్రవారం నాలుగింటికి హాల్లో గంట మోగలేదు. కాసేపు కాచుకుని ఎవరో ఫ్యాన్లు వేశారు. ఆ వేళకు కుప్పంలో వెన్నెల మైకు ముందు నిలబడింది. ఆఖరి వరసలో ఖాళీ కుర్చీలు ఒక్కొక్కటే కిర్రుమన్నాయి, ఆలస్యంగా వచ్చినవాళ్ళు సర్దుకుని కూర్చున్నట్టు. ఆ చప్పుడు ఆగేదాకా ఉండి, ఆమె మొదలుపెట్టింది.