ఎవరి వల్ల కోర్టుకెక్కింది

ప్రతివాది కట్టిన దుడ్డు తీసుకుంటానని కాగితం మీద వేలిముద్ర వేసింది కదా, ఇంక వ్యాజ్యం తీరిపోయిందనే అనుకుంది ఆదిలక్ష్మమ్మ.

"యాడ తీరిందమ్మా?" అన్నాడు ఆమె వకీలు పరంధామయ్య, చిత్తూరు మున్సిఫ్ కోర్టు వరండాలో. "ఇంకా ఖర్చుల మాట ఉండాది. స్టాంపులకూ, నా ఫీజుకూ, సాక్షుల బత్తాకూ నువ్వు పెట్టింది నీకు తిరిగొస్తుందో, ఎదుటివాడు పెట్టింది కూడా నీ నెత్తినే పడుతుందో మున్సిఫ్ గారు ఈ పొద్దు తేలుస్తారు."

ఆదిలక్ష్మమ్మ కొంగు ముడిలోని చిల్లర తడుముకుంది. మొగుడు పోయినాక నాలుగెకరాల చెరుకు తోట ఒక్కతే చూసుకుంటున్న మనిషి ఆమె. ముందటేడు, డెబ్భై ఏడులో, గానుగ ఆడే రోజుల్లో పక్క చేను ధనంజయ కొత్త బావిలో బండలు పగలగొట్టడానికి మందు తూటాలు పేల్చినాడు. టెంకాయంత రాయి ఎగిరొచ్చి ఆమె బెల్లం పెనంలో పడింది. కూలోళ్లు సంగటి తినడానికి పక్కకు పోయి ఉండబట్టి ఎవరి ఒళ్లూ కాలలేదు గానీ, పెనం నడిమికి పగిలి పాకమంతా పొయ్యిపాలయింది. ఇంకో పెనం దొరికేసరికి పదకొండు రోజులు పట్టింది. అప్పటికి కొట్టి పెట్టిన చెరుకంతా ఎండి పిప్పయింది.

పద్దెనిమిది నూర్లకు దావా వేసింది. ఏడాది తిరిగినాక ధనంజయ పన్నెండు నూర్లు కోర్టులో కట్టి, ఇదే నేను ఇచ్చేది అన్నాడు. రెండు వాయిదాలు ఆమె ససేమిరా అంది. మూడో వాయిదాకు ఆమెకే విసుగొచ్చింది. దావా మొత్తానికీ అదే చాలని ఒప్పుకుంది.

లోపల మున్సిఫ్ గారు ఫైలు తిరగేసి తలెత్తినాడు. చిన్న వయసే, కళ్లద్దాలు మాత్రం దళసరి. "వాది డబ్బు తీసుకున్నారు గనక, ఎవరు గెలిచారనే ప్రశ్న లేదు. ఈ తగువు కోర్టుదాకా రావడానికి ఎక్కువ కారణం ఎవరు? ఖర్చులు దాన్ని బట్టే. చెప్పండి."

పరంధామయ్య లేచి, దావాకు ముందు పంపిన రిజిస్టర్ నోటీసు చూపించినాడు. కవరు మీద 'తీసుకోలేదు' అని పోస్టుమాన్ రాత. అవతలి వకీలు వెంటనే అందుకున్నాడు. "పెనం పగిలిన మూడో రోజే నా కక్షిదారు డబ్బు పట్టుకుని ఆమె ఇంటికి పోయినాడు సార్. ఆమె గడప తొక్కనీయలేదు."

"సాక్ష్యం ఉందా?"

"అప్పుడు అక్కడ వాళ్లిద్దరే ఉన్నారు సార్, మూడో మనిషి లేడు."

పరంధామయ్య వెనక్కి వంగి మెల్లగా అన్నాడు. "వాళ్లు రుజువు చేసుకోలేరు. నువ్వు నోరు మెదపొద్దు."

కానీ మున్సిఫ్ గారు ఆమెనే బోనులోకి పిలిపించి ప్రమాణం చేయించినాడు. "ఆయన మీ ఇంటికి వచ్చాడా, లేదా?"

ధనంజయ ఆ రోజు వాకిట్లో నిలబడిన తీరు ఆదిలక్ష్మమ్మ కళ్ల ముందుకొచ్చింది. భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని, నోట్లు చేతిలో మడిచి పట్టుకుని ఉన్నాడు. రాలేదంటే కాదనేవాళ్లు లేరు. ఏడాదిగా బస్సుచార్జీలకూ స్టాంపులకూ పోసిందంతా కళ్ల ముందే ఉంది.

"వచ్చినాడు సామీ" అంది.

పరంధామయ్య కళ్లు మూసుకున్నాడు.

"ఎంత ఇస్తానన్నాడు?"

"పెనం ఖరీదు, మూడు నూర్ల యాభై. ఎండిపోయిన చెరుకు సంగతేమప్పా అని అడిగితే, దాంతో నాకేం పని అన్నాడు. నాకు ఒళ్లు మండింది. వాకిట్లో నుంచే పొమ్మన్నాను."

మున్సిఫ్ గారు ధనంజయ వైపు తిరిగినాడు. "ఇది నిజమేనా?"

ధనంజయ వకీలు వైపు చూడలేదు. "నిజమే సామీ. ఆ కోపంతోనే నోటీసు కూడా తిప్పి పంపినాను."

కాసేపు రాసుకుని, మున్సిఫ్ గారు ఇద్దరికీ అర్థమయ్యేలా తెలుగులో చెప్పినాడు. "వచ్చాడని ఆమె తనంతట తనే ఒప్పుకుంది. అందుకే, అడిగింది ఇవ్వనన్నాడనే మాట కూడా నమ్ముతున్నాను. ఇప్పుడు కట్టింది అప్పుడే ఇస్తానని ఉంటే ఈ దావా పుట్టేది కాదు. కాబట్టి డబ్బు కట్టిన రోజు దాకా ఆమె ఖర్చులు ప్రతివాది ఇవ్వాలి. ఆ తరువాతి రెండు వాయిదాలు ఆమె పట్టుదల వల్ల జరిగాయి. ఆ రెండు రోజుల ఖర్చు ఆమె అతనికి ఇవ్వాలి."

బయటికొచ్చినాక పరంధామయ్య నవ్వినాడు. "నా మాట విని ఉంటే ఏమయ్యేదో గానీ, నువ్వే మంచి వకీలువమ్మా!"

బస్టాండులో ఆదిలక్ష్మమ్మ ఊరికి పోయే పెనుమూరు బస్సు కోసం నిలబడి ఉంటే, ధనంజయ వచ్చి రెండు గజాల దూరంలో ఆగినాడు. ఏడాదిగా ఒకే బస్సులో వచ్చి, ఒకరు ముందూ ఒకరు వెనకా కూర్చునేవాళ్లు.

"రాలేదని చెప్పి ఉండొచ్చు కదక్కా?"

"వచ్చినావు కదప్పా! రాలేదని ఎట్లా చెప్తాను?"

ధనంజయ ఒక అడుగు దగ్గరికొచ్చినాడు. "ఆ పొద్దు చెరుకు గురించి అట్లా అనకుండా ఉండాల్సింది. బావి తవ్వకానికి చేసిన అప్పు నెత్తిమీద ఉండె, నోటికొచ్చింది అనేసినాను."

"నీళ్లు పడినాయా?"

"ఇంకా లేదు. అడుగున ఇంకో బండ తగిలింది. నీ గానుగకు భయపడి తూటా ముట్టుకోలేదు."

ఆదిలక్ష్మమ్మ అతని ముఖం వంక చూసింది. ఏడాదిలో మనిషి బాగా నలిగిపోయినాడు. "రేపటి నుంచి మధ్యాహ్నానికి పెనం దించేస్తాం. ఆ పైన పేల్చుకో. ముందుగా ఒక కేక మాత్రం పెట్టు, మనుషుల్ని పక్కకు తీస్తాను."

"అట్లే అక్కా."

ఇంతలో బస్సు వచ్చింది. జనం తోసుకుంటూ ఉంటే ధనంజయ ముందెక్కి, తువ్వాలు పరిచి ఆమెకొక సీటు పట్టినాడు.